చిన్న ప్యాకెట్‌కే పన్నా?
సంపాదకులకు,
కంచరపాలెంలో 12 ఏళ్లుగా కిరాణా కొట్టు నడుపుతున్నాను. ఇళ్లలో పనిచేసే ఒకామె జీతం చేతికొచ్చినప్పుడల్లా 5 కిలోల బియ్యం ప్యాకెట్ కొంటుంది. మొన్న కొంగు ముడి విప్పి చిల్లర లెక్కపెడితే 10 రూపాయలు తగ్గాయి. ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల వరకు 5 శాతం జీఎస్టీ, 2022 జులై 18 నుంచి ఇదే వరస. 26 కిలోల బస్తాకైతే పన్నే లేదు! బస్తా ఒకేసారి కొనే స్తోమత ఆమెకెక్కడిది? ఇదేం న్యాయమండీ? బస్తా విప్పి విడిగా తూచి ఇద్దామంటే తరుగు నా నెత్తిన పడుతుంది. నా అమ్మకాలు ఏడాదికి 40 లక్షల లోపే, కాబట్టి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు. హోల్‌సేల్‌లో కట్టిన పన్ను నాకు తిరిగి రాదు, ధరలో కలపక తప్పదు. చిన్న ప్యాకెట్ల మీద ఈ పన్ను ఎత్తేయాలని జీఎస్టీ కౌన్సిల్‌ని వేడుకుంటున్నాను.
– ఒక కిరాణా వ్యాపారి, కంచరపాలెం, విశాఖపట్నం