డ్రిల్లు పీరియడ్‌ను దొంగిలించినవాడి విన్నపం

తెలంగాణ రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి నమస్కరించి,

మంత్రి గారూ, నేను హైదరాబాద్‌లోని ప్రభుత్వ హైస్కూళ్లలో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. ముందుగా ఒక నేరం ఒప్పుకోవాలి. దసరా సెలవులు కాగానే పదో తరగతి టైంటేబుల్లో ఉన్న డ్రిల్లు పీరియడ్లన్నీ నేనూ సైన్సు సారూ పంచుకునేవాళ్లం. పీఈటీ సార్ ఎన్నడూ అడ్డు చెప్పలేదు. ఆయన్ని అప్పటికే రిజిస్టర్లు రాయడానికో, మధ్యాహ్న భోజనం లెక్కలు చూడడానికో వాడుకుంటుండేవాళ్లం. హెడ్మాస్టర్లు మెచ్చుకున్నారు, తల్లిదండ్రులు దండాలు పెట్టారు. పిల్లల్ని మాత్రం ఎవరూ అడగలేదు.

2016 ఆగస్టులో పి.వి. సింధు రియో నుంచి వెండి పతకంతో వచ్చినప్పుడు శంషాబాద్ నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా ఊరేగింపు జరిగింది. మా పిల్లల చేతికీ జెండాలిచ్చి రోడ్డు పక్కన నిలబెట్టాం. ఆ రోజు పోయిన లెక్కల క్లాసును ఆ వారం డ్రిల్లు పీరియడ్‌లో పూర్తి చేశాను. అందులో ఉన్న వింత అప్పట్లో నాకు తట్టనే లేదు.

ఒకసారి డిసెంబరులో మీటింగుకు పోయి, సాయంత్రం స్పెషల్ క్లాసుకు అరగంట ఆలస్యంగా వచ్చాను. పోరగాళ్లు గ్రౌండ్‌లో కబడ్డీ ఆడుతున్నారు, ఆడపిల్లలు ఖోఖో. కేకలేసి లోపలికి తోలాను. చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నారు. త్రికోణమితిలో ఎత్తులు, దూరాల లెక్క ఒకటిచ్చాను. రోజూ ఆ వేళకు కునుకు తీసే వెనక బెంచీవాళ్లు ఇద్దరు బొమ్మ గీసి, ఏ కోణం తీసుకోవాలో కూడా పట్టుకున్నారు. ఒక్క సాయంత్రం చూసి సూత్రం కట్టకూడదని లెక్కల మాస్టారికి వేరే చెప్పనక్కర్లేదు. నేనూ కట్టలేదు. మర్నాడు యథాప్రకారం పీరియడ్ లాక్కున్నాను.

రిటైరయ్యాక తీరిక చిక్కి, ఆటలకూ చదువుకూ ఉన్న సంబంధం మీద పరిశోధనలు చదవడం మొదలుపెట్టాను. నేను దిద్దిన జవాబు పత్రాలే నాకు కొత్తగా కనిపించాయి. మన పిల్లలు మార్కులు పోగొట్టుకునేది ఎక్కువసార్లు సూత్రం రాక కాదండీ. మైనస్ గుర్తు వదిలేస్తారు. ప్రశ్న సగం చదివి, నిన్న చేసిన లెక్కలాగే ఉందనుకుని ఆ దారినే పోతారు. మూడు అంకెలు మనసులో పెట్టుకుని నాలుగోది కలిపేలోపు మొదటిది జారిపోతుంది. తొందరను ఆపుకోవడం, మనసులో పట్టి ఉంచడం, పప్పులో కాలేశామని తెలిస్తే దారి మార్చుకోవడం: ఈ మూడూ ప్రధానంగా నుదుటి వెనక ఉండే మెదడు భాగం చేసే పనులు. ఆ భాగం ఇరవైల్లోకి వచ్చాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. వ్యాయామం మేలు చేస్తున్నట్టు పరిశోధకులు ఎక్కువగా గమనించింది ఈ పనుల్లోనే. గుండె వేగం పెరిగితే మెదడుకు రక్తం ఎక్కువగా అందుతుంది. కణాల మధ్య కొత్త లంకెలకు ఎరువులా పనికొచ్చే బీడీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్ కూడా పెరుగుతుంది.

జర్మనీలో 13 నుంచి 16 ఏళ్ల పిల్లలతో పది నిమిషాలు వ్యాయామం చేయించి, వెంటనే ఏకాగ్రత పరీక్ష పెట్టారు. స్కోర్లు మెరుగయ్యాయి. మామూలు కసరత్తు కంటే, బంతితో చేతులూ కాళ్లూ సమన్వయం చేసుకునే ఆటల తర్వాత ఇంకా మెరుగయ్యాయి. ఇంగ్లండ్‌లో 4,755 మంది పిల్లలు పదకొండో ఏట ఎంత చురుగ్గా కదిలారో నడుముకు పరికరం కట్టి కొలిచారు. బాగా కదిలినవాళ్లకు పదహారో ఏట పరీక్షల్లోనూ మంచి మార్కులొచ్చాయి. ఆడపిల్లలకైతే సైన్సులో మరీ. స్వీడన్‌లో సైన్యంలో చేరే వయసుకొచ్చిన 12 లక్షల మంది కుర్రాళ్ల వివరాలు చూస్తే, తెలివితేటల పరీక్షలతో ముడిపడింది కండబలం కాదు, గుండె దమ్ము. పదిహేను, పద్దెనిమిదేళ్ల మధ్య ఆ దమ్ము పెంచుకున్నవాళ్లు మెరుగ్గా ఉన్నారు.

కథలో ఒక పక్కే చెబితే మోసమవుతుంది. నార్వేలో 57 బడుల్లో పదేళ్ల పిల్లలకు వారానికి 165 నిమిషాల కదలిక అదనంగా చేర్చి చూస్తే, మొత్తం మీద మార్కులేమీ పెరగలేదు. కానీ లెక్కల్లో అందరికన్నా వెనకబడ్డ పిల్లలు మాత్రం ముందుకొచ్చారు. నా వెనక బెంచీ వాళ్లన్నమాట. ఆ ఫలితం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డ్రిల్లు లాక్కుని నేను ఉద్ధరిద్దామనుకున్నది సరిగ్గా వాళ్లనే.

5 నుంచి 17 ఏళ్ల వాళ్లు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2016 నాటి లెక్కల్లో మన దేశంలో 11 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో దాదాపు 74 శాతం మందికి అంత కదలిక లేదు. విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలంటుంది. మరి దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లి వైపు అపార్టుమెంట్లలో నడిచే బడులకు గుర్తింపు ఎలా వస్తుందో మీ శాఖకే తెలియాలి. ఇంటర్ హాస్టళ్ల సంగతి వేరే ఉత్తరం రాయాలి, ఇక్కడ ఎత్తను.

ఈ ఊరికి ఇది కొత్త పాఠమేమీ కాదు. 1962 జకార్తా ఏషియన్ క్రీడల్లో భారత ఫుట్‌బాల్ జట్టుకు బంగారు పతకం తెచ్చిన కోచ్ రహీం సాబ్ హైదరాబాద్ బడిపంతులే.

నేనడిగేది పెద్ద ఖర్చు కాదు. తొమ్మిది, పది తరగతుల్లో డ్రిల్లు పీరియడ్‌ను మార్చి దాకా ఏ సబ్జెక్టుకూ ఇవ్వకూడదని ఒక సర్క్యులర్ ఇప్పించండి. వీలైతే దాన్ని లెక్కల పీరియడ్‌కు ముందు పెట్టించండి. సాయంత్రం స్పెషల్ క్లాసు మొదటి ఇరవై నిమిషాలు గ్రౌండ్‌లో గడవనివ్వండి. పీఈటీలకు ఆటల పని తప్ప వేరే పని చెప్పొద్దు. ఎనిమిదో తరగతి దాటాక ఆడపిల్లలు గ్రౌండ్‌లోకి రావడం మానేస్తారు. ఒక మేడమ్ పీఈటీ, నీళ్లొచ్చే బాత్రూం, ఆడుకోవడానికి వీలైన యూనిఫాం ఉంటే వాళ్లలో చాలామంది వస్తారు. నేను పనిచేసిన ఒక బడిలో మేడమ్ వచ్చిన ఏడాదే అది కళ్లారా చూశాను.

ఒకరోజు ఎవరికీ చెప్పకుండా ఏదైనా బడికి డ్రిల్లు పీరియడ్ వేళకు వెళ్లండి. గ్రౌండ్ ఖాళీగా ఉండి, పదో తరగతి గదిలో బోర్డు నిండా లెక్కలు కనిపిస్తే ఆ మాస్టారిని సస్పెండ్ చేయకండి. ఆయన పిల్లల మంచి కోరే ఆ పని చేస్తుంటాడు. సర్క్యులర్ చేతికిచ్చి, పిల్లలతో పాటు ఆయన్నీ బయటికి పంపండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు,
మల్కాజిగిరి, హైదరాబాద్