కొట్టానికి అద్దె కట్టిన నా కూతురికి

బుధవారపేట, కర్నూలు
శ్రావణ మంగళవారం

శైలూ,

బాగున్నావని తెలుసు. నిన్న మీ తమ్ముడు సూరి ఆ రిసార్టు నంబరుకు ఫోన్ చేస్తే ఎవరో పిల్లోడు ఎత్తి, "మేడం ఠీక్ హై, సముందర్ కే పాస్ గయీ" అన్నాడంట. కాబట్టి నాకు భయమేమీ లేదు. ఊరికే రాస్తున్నాను. నీకు పంపిన మెసేజీలన్నీ పదకొండు రోజులుగా ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోయాయి, ఉత్తరమైతే చేతికి అందుతుంది కదా అని.

అడ్రసు రాయడానికే అరగంట పట్టింది. నీ బుకింగ్ కాయితంలో అండమాన్, హేవ్‌లాక్ అని ఉంది. సూరేమో 2018లోనే స్వరాజ్ ద్వీప్ అని మార్చారు అంటాడు. పోర్ట్ బ్లెయిర్ కూడా 2024 నుంచి శ్రీ విజయపురమంట. కొత్త పేరు రాస్తే పాత పోస్ట్‌మ్యాన్‌కు తెలుస్తుందో లేదో, పాత పేరు రాస్తే కొత్తవాడు ఏమంటాడో. అన్నీ రాశాను, కవరు మీద స్టాంపుకు చోటు మిగల్లేదు. ఎన్ని రోజుల్లో పోతుందమ్మా అని పోస్టాఫీసులో అమ్మాయిని అడిగితే నవ్వింది. మద్రాసు దాకా ఒకటి, సముద్రం దాటడానికి ఇంకొకటి, మళ్ళీ అక్కడి నుంచి ఓడ. పోనీలే, నువ్వు 28 రాత్రులు ఉంటావు కదా, చేరుతుంది.

28 రాత్రులని నాకెట్లా తెలుసనుకుంటున్నావు కదా. బుకింగ్‌కు మీ నాయన ఈమెయిల్ ఇచ్చావు, కాలేజీ ఫీజుల నాటి అలవాటు. ఆయన దాన్ని ఎప్పుడు తెరిచాడు గనుక, చూసేది సూరి. వాడు నాకు చూపించాడు. మీ నాయనకు మటుకు ఇంకా చూపించలేదు. పాప నాలుగు రోజులు సెలవు పెట్టి పోయింది అనుకుంటున్నాడు, అనుకోనీ. ఈ కాలం ఆఫీసుల్లో నెల రోజుల లీవు కూడా ఇస్తున్నారా? ఇస్తే మంచిదే. మా అంగన్‌వాడీలో నాలుగు రోజులు కావాలంటే సూపర్‌వైజరు కాళ్ళావేళ్ళా పడేవాళ్ళం.

రోజుకు 900, పొద్దున టిఫిన్ కలిపి. మొత్తం 25,200. రేటు తక్కువని నేనేమీ అనను, బేరం చేయకుండా కొత్తిమీర కట్ట కూడా కొనని దాన్ని. కానీ ఎందుకు తక్కువో అడగాలి కదమ్మా. అక్కడ మే నెలలోనే వానలు దిగుతాయంట, సముద్రం మీద గాలి, ఓడలు ఒకరోజు పోతే ఒకరోజు పోవు. జనం పోయేది చలికాలంలో. ఎవరూ రాని రోజుల్లో నువ్వు పోయావు, ఇచ్చినదే చాలని వాళ్ళిచ్చారు. ఆషాఢం సేల్లో చీర కొన్నట్టు, ఇంటికొచ్చి విప్పితే కదా మడత మీద మరక కనిపించేది.

ఫోటో కూడా చూశాను. గుంజల మీద వెదురు తడికలు, పైన ఆకుల కప్పు, వాకిట్లో ఒక ఊయల. రెండుసార్లు పెద్దది చేసి చూశాను. ఎంత చూసినా అది కొట్టమే శైలూ. మా నాయన మార్కెట్ యార్డులో పదేళ్ళు మూటలు మోసి, ఇట్లాంటి కొట్టం పీకించి మిద్దె వేయించాడు. ఆ రోజు వీధంతా బొరుగులు, బెల్లం పంచాడు. ఆయన మనవరాలు 25,200 కట్టి మళ్ళీ కొట్టంలో దూరింది. మీ జేజి ఉంటే ఇంకేమనేదో. అండమాన్ అంటే ఆమెకు కాలాపానీ. ఆ సెల్యులర్ జైలు కట్టడం 1906లో అయిపోయిందంట, జేజి చిన్నప్పుడు మాట వినని పిల్లలను దాని పేరు చెప్పే భయపెట్టేవాళ్ళు. అక్కడికి డబ్బులిచ్చి పోతారంటే చెంపలు వేసుకునేది.

సరే, పోయావు. ఇవి మాత్రం చూసుకో. తలుపుకు లోపలి గడియ గట్టిగా ఉందో లేదో చూడు, లేకపోతే రిసార్టు వాళ్ళ మనుషులుండే పక్క పాక అడుగు, ఊరంతా ఖాళీగా ఉంటే వాళ్ళకేం నష్టం. బాత్రూం బయట ఉందని కాయితంలో రాశారు, రాత్రి టార్చి లేకుండా దిగొద్దు, చెప్పుల్లో కాలు పెట్టేముందు దులుపు. అక్కడ మన కంటే ముందే చీకటి పడుతుంది. ఇక్కడ ఆరున్నర దాటినా వీధిలో పిల్లలు ఆడుతుంటారు, అక్కడ ఆ పాటికి దీపాలు పెడతారంట. కొబ్బరిచెట్టు కింద ఊయల కట్టి ఉంటే దాంట్లో పడుకోవద్దు. నవ్వకు. కాయ ఎప్పుడు రాలుతుందో దానికే తెలియదు. ఇసుకలో కంటికి కనపడని ఈగలు కుడతాయంట, గోకితే పుండ్లవుతాయి, కాళ్ళకు కొబ్బరినూనె పట్టించి కూర్చో. తలకు కూడా పట్టించు, ఎట్లాగూ సీసా తీసుంటావు కదా.

నీళ్ళలోకి దిగేముందు అక్కడివాళ్ళను అడుగు. పొద్దున నడుముల్లోతు ఉన్నచోట మధ్యాహ్నానికి సముద్రం ఎక్కడికో వెనక్కి పోయి రాళ్ళు, పగడాలు బయటపడతాయంట. వాటి మీద నడిస్తే అరికాళ్ళు కోసుకుపోతాయి. ముక్కలు ఏరి బ్యాగులో వేసుకోకు, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు, కేసు కూడా పెడతారు. మడ అడవి ఉన్న వైపు, వాగు వచ్చి కలిసేచోట అస్సలు వద్దు. ఉప్పునీళ్ళ మొసళ్ళుంటాయి. 2010లో ఆ రాధానగర్ బీచ్ దగ్గరే ఒక అమెరికా అమ్మాయిని లాక్కుపోయిందంట. బోర్డు పెట్టి ఉంటే అది చదవడానికి పెట్టింది, దాని పక్కన నిలబడి ఫోటో దిగడానికి కాదు.

నువ్వుండేది ఐదో నంబరు బీచీ అంట కదా. బీచీలకు సిటీ బస్సుల మాదిరి నంబర్లేందో! రాధానగర్ ఏడంట, విజయనగర్ ఐదంట. గోవిందనగర్, కృష్ణానగర్ కూడా ఉన్నాయి. పేర్లు వింటే మన దేవుళ్ళ మాదిరే ఉన్నాయి గానీ ఊళ్ళో బెంగాలీవాళ్ళే ఎక్కువంట, అటు తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళను ప్రభుత్వం అక్కడ పెట్టిందంట. అయితే అన్నం దొరుకుతుంది, అది సంతోషం. చేపల కూర నీకు పడదు, గుర్తుందా నందికొట్కూరు పెళ్ళిలో ఏమైందో. పప్పు అడిగి పెట్టించుకో.

చేతిలో డబ్బు ఉంచుకో, ఏటీఎంలు తక్కువంట. నీ అకౌంట్లో నిన్న ఐదు వేలు వేయించాను, జేజి చీటీవి, మీ నాయనకు లెక్క చెప్పక్కర్లేనివి. అడ్వాన్సు పోను వాళ్ళకింకా ఇవ్వాల్సింది ఉంది కదా. పైగా జీతం... ఒకటో తారీఖు పడింది కదా? అదే అడుగుదామనుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు విమానం రోజే ఓడ పట్టుకోవద్దు. వానకు ఓడ ఆగితే విమానం నీ కోసం ఆగదు. ముందురోజే పోర్ట్ బ్లెయిర్ చేరి పడుకో.

ఇక సిగ్నల్ సంగతి. నువ్వు చివరగా పెట్టిన మెసేజీ, "ఇక్కడ సిగ్నల్ సరిగా రాదమ్మా, బాగున్నా." సూరి చెప్పాడు, 2020 ఆగస్టులోనే మద్రాసు నుంచి సముద్రం అడుగున 2,300 కిలోమీటర్లు కేబుల్ వేశారంట, మీ హేవ్‌లాక్‌కు కూడా. సముద్రమంతా దాటి వచ్చిన సిగ్నల్‌కు గట్టు నుంచి నీ కొట్టం దాకా పది అడుగులు నడవడానికి చేతకాలేదా? నేను కోపంగా అనడం లేదు.

ఫోన్ కలవకపోవడం అంటే నాకు పడదు, అంతే. నీకు ఎంత గుర్తుందో తెలియదు, తొమ్మిదేళ్ళు అప్పుడు. 2009, గాంధీ జయంతి. బడి లేదని నువ్వు ఎనిమిదైనా లేవలేదు. మీ నాయన రెండు రోజుల ముందే సుంకేసుల బ్యారేజీ మీద నీటిమట్టం చూసే డ్యూటీకి పోయాడు. వాన, వాన, వాన. వాకిట్లోకి నీళ్ళు వస్తే మోరీ పొంగిందనుకుని నేను చీపురు తీసుకుని ఊడ్చాను చూడు, అదీ నా తెలివి. హంద్రీ ఒకపక్క, తుంగభద్ర ఒకపక్క, శ్రీశైలం నీళ్ళు వెనక్కి తన్ని ఇంకోపక్క. పది నిమిషాల్లో మోకాళ్ళ దాకా వచ్చాయి. సూరిని చంకనేసుకుని, నిన్ను జడ పట్టుకుని, ఖాజా భాయ్ మిద్దె ఎక్కించాను. జేజి రానంది. గ్యాసు సిలిండరు తేలుతుంటే దాన్ని చూసి కూడా కదల్లేదు. ఆఖరికి మామిడికాయ ఊరగాయ జాడీ నెత్తిన పెట్టుకుని వచ్చింది, బంగారం పెట్టిన ట్రంకు పెట్టె కిందనే వదిలేసి. తిట్టుకున్నాను గానీ రెండు రోజులు ఖాజా భాయ్ వాళ్ళ రొట్టెల్లోకి వీధి వీధంతా ఆ ఊరగాయే తిన్నది.

వాళ్ళ మిద్దెకు పదిహేడు మెట్లు. నువ్వు పై మెట్టు మీద కూర్చుని మునిగిన మెట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టావు. "అమ్మా, తొమ్మిది పోయాయి. అమ్మా, పది." గేజీ చదివేవాడి కూతురివి కదా. ఖాజా భాయ్ భార్య చెవులు మూసుకుంది. నేను కొట్టబోతే జేజి ఆపింది, లెక్కపెట్టనీ, ఎవరో ఒకరు చూస్తుండాలి కదా అని. చీకటి పడేసరికి పదమూడు పోయాయి. ఒక పాము కూడా మన మాదిరే మెట్లెక్కి వచ్చి గోడ పక్కన చుట్టుకుని పడుకుంది, దాన్ని ఎవరూ ఏమీ అనలేదు. రాత్రి నువ్వు నిద్రపోయాక టార్చి పట్టుకుని నేను చూశాను. పదమూడే. మళ్ళీ చూశాను. పదమూడే. తెల్లవార్లూ అదే పని.

ఇంకొక పని, మీ నాయనకు ఫోన్ కొట్టడం. కలిసేది కాదు. సుంకేసుల కట్ట తెగిందని ఎవరో కింద పడవలో పోతూ అరిచి చెప్పారు. బ్యాటరీ ఒక్క గీత మిగిలింది. ఆపేసి, గంటకొకసారి ఆన్ చేసి, మళ్ళీ ఆపేసి. అందరూ అడుగుతుంటే, "ఇప్పుడే మాట్లాడాడు, బాగున్నాడంట" అని చెప్పాను. జేజికీ అదే చెప్పాను, నీకూ. ఆయన మూడో రోజు మధ్యాహ్నం నడుముల దాకా బురదతో వచ్చాడు, ఒక కాలికి చెప్పు లేదు. నువ్వు పోయి మొట్టమొదట ఏమడిగావో గుర్తుందా? "నాన్నా, ఎన్ని క్యూసెక్కులు?" ఆయన మాట్లాడలేక బురదలోనే కూలబడ్డాడు. తర్వాత పేపర్లో వేశారు, శ్రీశైలానికి 25 లక్షలు, డ్యాం కట్టింది 19 లక్షలకు. మన నడవలో గోడ మీద ఆ నీళ్ళ గీత ఇంకా ఉంది. పోయిన ఉగాదికి కూడా రంగు వేయించాను, మళ్ళీ బయటికి వచ్చింది.

ఎక్కడి నుంచి ఎక్కడికో పోయాను. ఇప్పుడు కూడా ఎవరు అడిగినా అదే చెప్తున్నాను, ఇప్పుడే మాట్లాడింది, బాగుందంట అని. పద్మత్తకు కూడా అదే చెప్పాను. అప్పుడు ఆమె అంది, కిరణ్ చెప్పాడంట, వాడి ఆఫీసు మీ పక్క బిల్డింగేనంట కదా, "శైలు లాప్‌టాప్ తిరిగి ఇచ్చేసిందంట వదినా, కేకు కూడా కోశారంట" అని. నేను, అవును, నాకు తెలుసు అన్నాను. ఏమంటాను మరి. ఆమె ముందు తెలియదని అంటానా.

నిజమేనా?

నిజమైతే నిజమని చెప్పు. నేనేమీ అనను. అంటే, అంటాను, ఒక పూట అంటాను. ఇంకోటి చూసుకోకుండా ఉన్నది వదిలేది ఎవరమ్మా, హౌసింగ్ లోను మీద మీ నాయన సంతకం ఉంది కదా, పీఎఫ్ సంగతేంటి, ఇవన్నీ అడుగుతాను. అడిగి ఊరుకుంటాను. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు ఓళిగ సగం తిని వదిలేసి బాల్కనీలో కూర్చున్నావు, పన్నెండింటికి కూడా ఆ లాప్‌టాప్ వెలుగు నీ మొహం మీద అట్లాగే ఉంది. నేను లేచి చూశాను. పాలు తెద్దామా అనుకుని, మళ్ళీ ఏమంటావో అని వెనక్కి పోయి పడుకున్నాను. అప్పుడే అడగాల్సింది. మీ నాయనకు నేను చెప్తాను, ఎట్లా చెప్పాలో నాకు తెలుసు. నువ్వు చెప్పకు, నీకు చేతకాదు.

వరలక్ష్మీ వ్రతానికి నువ్వు లేకపోతే తోరం ఎవరికి కట్టేది. సూరి చేతికి కట్టాను అనుకో, వాడు గొప్పగా స్టేటస్ పెడతాడు. నీ తోరం దేవుడి గూట్లో పెడతాను, వచ్చినప్పుడు కట్టుకో.

ఊరుబిండి, నిప్పట్లు పంపుతున్నాను. ఆ తడి గాలికి నిప్పట్లు మెత్తబడతాయి, డబ్బా మూత పెట్టకుండా ఊయలలో కూర్చుని తినకు. ఊరుబిండి స్టీలు డబ్బాలో ఉంది, మూతకు పైన టేపు చుట్టాను, డబ్బా తిరిగి తీసుకురా.

అమ్మ

తా.క.: ఇది అంటిస్తుంటే మీ నాయన చూసి, శైలుకేనా అన్నాడు. అవును, ఏమైనా రాయమంటావా అంటే చాలాసేపు ఆలోచించి, "అక్కడ పోటు ఎన్ని అడుగులు వస్తుందో, పాకకు ఎన్ని మెట్లున్నాయో అడుగు" అన్నాడు. అదే రాస్తున్నాను. మెట్లు లెక్కపెట్టి ఆయనకు ఫోన్‌లో చెప్పు. నాకు వద్దు, ఆయనకే చెప్పు, నేను పక్కన ఉండి వింటాను.