సీఎస్ఆర్ నివేదికలో ఊరి పేరు ఎందుకుండదు?

సంపాదకులు గారికి,

గత వారం మన జిల్లా పరిశ్రమల 'సామాజిక బాధ్యత' మీద మీరు వేసిన రంగుల పేజీ చూశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు. కలెక్టరు గారి రిబ్బను, ఎమ్మెల్యే గారి కొబ్బరికాయ, 5కే రన్ టీషర్టులు, అన్నీ ఉన్నాయి. కట్టినవి ఏ ఊళ్లో ఉన్నాయి, ఇవాళ నడుస్తున్నాయా అన్న ముక్క ఒక్కటే లేదు. రన్ సంగతి ముందు తేల్చేద్దాం. మారథాన్లు, అవార్డులు, టీవీ కార్యక్రమాల స్పాన్సర్‌షిప్పులు సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) ఖర్చు కిందికి రావని కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ 2014 జూన్‌లోనే సర్క్యులర్ ఇచ్చింది. ఆ టీషర్టుల బిల్లు ప్రచారం ఖాతాలో రాసుకోవాల్సిందే.

పేజీ నిండా 'ఉదారత' అన్నారు. ఉదారత ఎక్కడిదండీ? కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి అందుకున్నా గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టి తీరాలి. సగటు లాభం 60 కోట్లయితే 1.20 కోట్లు. మిగిల్చుకుంటే చట్టంలో చెప్పిన నిధికో ప్రత్యేక బ్యాంకు ఖాతాకో మళ్లించాలి. అదీ చేయకపోతే జరిమానా. మనమెవరమూ ఇంటిపన్ను కట్టినందుకు సన్మానం అడగడం లేదు కదా.

అసలు బాధ నివేదికతోనే. 2021 జనవరి సవరణతో డైరెక్టర్ల నివేదికకు జతచేసే సీఎస్ఆర్ అనుబంధంలో మంచి పట్టికలు వచ్చాయి: ప్రాజెక్టు పేరు, రాష్ట్రం, జిల్లా, ఖర్చు, కంపెనీ నేరుగా చేసిందా లేక వేరే సంస్థ ద్వారానా, ఆ సంస్థ రిజిస్ట్రేషన్ నంబరు. 2022 సెప్టెంబరులో ఫారం 'సులభం' చేస్తూ ఆ పట్టికలు తీసేశారు. ఇప్పుడు ప్రాజెక్టులన్నిటికీ కలిపి ఒకే అంకె వేస్తే చాలు. సులభమైంది ఎవరికో చెప్పనక్కర్లేదు. కొన్ని కంపెనీలు ఇప్పటికీ తమంతట తాము వివరాలిస్తున్నాయి, వాళ్లకు దండం. మిగతావాళ్ల నివేదికల్లో 'లక్షల జీవితాలను స్పృశించాం' అనే వాక్యం, ఓ నవ్వే పాప ఫొటో.

ఆ లక్షలు ఎలా పుడతాయో చూడండి. గంటకు 1,000 లీటర్ల ఆర్వో ప్లాంటు పెట్టారనుకుందాం. రోజుకు 8 గంటలు నడిస్తే 8,000 లీటర్లు, అంటే 20 లీటర్ల టిన్నులు 400. ఇంటికి ఒకటి చొప్పున 400 ఇళ్లకు సరి. నివేదికలో మాత్రం ఊరి జనాభా 6,000 మందీ లబ్ధిదారులే! మరుసటి ఏడాది అదే ఊళ్లో కంటి శిబిరం పెడితే ఆ 6,000 మందినే మళ్లీ కలుపుతారు. కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, ఫిల్టరు కార్ట్రిడ్జ్‌లు ఎవరు మార్చాలి, ఉప్పు పేరుకుని నీళ్లు వడగట్టే మెంబ్రేన్ పొర మూసుకుపోతే కొత్తదానికి డబ్బెవరిది? కంపెనీ పంచాయతీకి అప్పగించి ఫొటో తీసుకుని వెళ్లిపోతుంది, పంచాయతీ దగ్గర పైసా ఉండదు. షెడ్డుకు తాళం పడినా ఆ ఏడాది నివేదికలో ప్లాంటు 'పూర్తయింది' అనే ఉంటుంది. అబద్ధం కాదు, పూర్తయింది నిజమే.

ఇది నా అక్కసు అనుకుంటే సర్కారు లెక్కలు తనిఖీ చేసే కాగ్ మాట వినండి. ప్రభుత్వ రంగ సంస్థలు బడుల్లో కట్టించిన మరుగుదొడ్ల మీద నివేదిక 2020 సెప్టెంబరులో పార్లమెంటు ముందుకొచ్చింది. 2,695 చూస్తే 83 మొదలే పెట్టలేదు, కట్టామని రాసిన 200 అసలు లేనే లేవు, 86 సగంలో ఆగాయి. నిలబడి ఉన్న 2,326లో 72 శాతానికి లోపల నీళ్లే రావు. సర్కారీ కంపెనీల సంగతే ఇది.

ప్రాజెక్టు వల్ల నిజంగా మేలు జరిగిందా అని చూసే ప్రభావ మదింపు ఉందిగా అంటారు. అది మూడేళ్ల సగటు సీఎస్ఆర్ బాధ్యత 10 కోట్లు, ఆపైన ఉన్నవాళ్లకే, అందులోనూ కోటి, ఆపైన ఖర్చయిన ప్రాజెక్టులకే. అంటే సగటు లాభం 500 కోట్లుండాలి. ఆ స్థాయి కంపెనీలు మన జిల్లాలో ఎన్నున్నాయో మీరే లెక్కపెట్టండి.

అయినా చూడదలిస్తే దారులున్నాయి, మీ విలేకరులకైనా పనికొస్తాయి. సీఎస్ఆర్ అనుబంధంలో ఆస్తుల పట్టిక మిగిలే ఉంది. కట్టిన ప్రతి ఆస్తికీ చిరునామా, పిన్‌కోడ్, ఎవరి పేరున ఉందో రాయాలి. కోటి ఖర్చయి ఆ పట్టిక ఖాళీగా ఉంటే అడగాల్సిన ప్రశ్న దొరికినట్టే. తర్వాత లెక్కల కింది నోట్స్‌లో సొంత ట్రస్టుకు ఎంత పోయిందో చూడండి, కుడిచేతి డబ్బు ఎడమచేతికి ఎంత మారిందో తేలుతుంది. ఖర్చవని సొమ్ము సంగతి ఆడిటరు నివేదిక అనుబంధంలో 20వ అంశంగా ఉంటుంది.

ఇవన్నీ ఇంగ్లిషులోనే. ఫ్యాక్టరీ పొగ పీల్చేది తెలుగువాళ్లు, నివేదిక చదివేది ముంబయి వాటాదారులు! రెండు పేజీల తెలుగు సారాంశం పంచాయతీ ఆఫీసు గోడకు అంటించమని కలెక్టరు గారు ఎందుకు అడగరు? సమీక్షా సమావేశాల్లో మీటింగు హాలుకు ఏసీలు, సంబరాలకు స్టేజీలు అడగడానికే సరిపోతున్నట్టుంది. స్థానికులకు ప్రాధాన్యమివ్వాలని చట్టంలోనే ఉంది, స్థానికులంటే అధికారులని ఎక్కడా లేదు.

ఇక మీ పత్రిక సంగతి. ఆ పేజీ డబ్బు పుచ్చుకుని వేసినదైతే పైన 'ప్రకటన' అని పెద్ద అక్షరాల్లో వేయండి. వార్తే అయితే అందులో చెప్పిన ప్రతి ప్లాంటు దగ్గరికీ విలేకరిని పంపి, నీళ్లు వస్తున్నాయో లేదో, నెలకు కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారో ఊరి పేరుతో సహా అచ్చువేయండి.

– ఒక పాత చందాదారు, విశాఖపట్నం