చీరాల-పేరాలకి ఒక్క లైనేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో స్వాతంత్ర్య పోరాటంలో మన ఊళ్ల గురించి ఒక పేజీ వేశారు, బాగానే ఉంది. కానీ చీరాల-పేరాల దగ్గరికొచ్చేసరికి దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో పన్నులు కట్టలేదు అని ఒక్క లైన్‌తో సరిపెట్టేశారు. నేను పేరాలలో పుట్టి పెరిగినోణ్ణి, చదవగానే మనసు చివుక్కుమంది.

పన్ను కట్టకపోవడం ఒక్కటే అయితే అంత పెద్ద సంగతి కాదండీ, ఊరే ఖాళీ చేసేశారు కదా. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల పేరాల కలిపి మున్సిపాలిటీ అంది, అప్పటిదాకా ఏడాదికి 4 వేలు వసూలయ్యే పన్ను 40 వేలకి ఎక్కింది. మగ్గాల మీద, కూలి మీద బతికే ఊరు అది. కట్టం పొమ్మన్నారు, కొందరు జైలుకెళ్లారు, వాళ్లలో ఒక ఆడమనిషి కూడా ఉంది. 1921 ఏప్రిల్లో బెజవాడ కాంగ్రెస్ సభ అయ్యాక గాంధీ గారు చీరాల వచ్చి, గొడవ పడకుండా పన్ను ఆపేయండి, లేదంటే ఊరొదిలి పోండి, అప్పుడు మున్సిపాలిటీయే ఉండదు అన్నారు. మనవాళ్లు ఆ రెండోదే పట్టుకున్నారు. 15 వేల పైచిలుకు జనంలో 13 వేల మందికి పైగా మండుటెండల్లో ఊరి బయటికొచ్చి తాటాకు పాకలేసుకున్నారు, దానికి రామ్‌నగర్ అని పేరు పెట్టుకున్నారు, దాదాపు 11 నెలలు అక్కడే ఉన్నారు.

11 నెలలంటే ఒక వానాకాలం మొత్తం! నాకు ఎప్పుడూ తట్టేది మగ్గాల సంగతే. గుంట మగ్గం అంటే నేలలో గుంత తవ్వి, అందులో కాళ్లు పెట్టుకుని పలకలు తొక్కుతూ నేసేది, మంచంలాగా ఎత్తుకుపోయే వస్తువు కాదు. పాకలో మళ్లీ గుంత తవ్వాలి, వానొస్తే అది నీళ్లతో నిండిపోద్ది, పడుగు తడిస్తే ఇంక ఆ చీర సంగతి అంతే. అన్ని నెలలు ఏం నేసుంటారో, ఏం తినుంటారో. ఎడిన్‌బరోలో ఎం.ఏ. చదివొచ్చిన గోపాలకృష్ణయ్య గారు ఈ జనం మధ్యన రామదండు అని వాలంటీర్లని తయారుచేసి నడిపించారు. తర్వాత బరంపురంలో మాట్లాడొద్దన్నా మాట్లాడినందుకు ఆయన్ని ఏడాది జైల్లో పెట్టారు, ఇక్కడ డబ్బులకి కటకట, 1922 వచ్చేసరికి జనం మెల్లగా వెనక్కొచ్చేశారు, మున్సిపాలిటీ ఉండనే ఉంది. గెలవలేదు కాబట్టే ఒక్క లైన్‌కి దిగిపోయిందేమో అని నాకో అనుమానం.

నేను అడిగేది ఒక్కటే. గాంధీ గారు ఏమన్నారు, దుగ్గిరాల వారు ఏం చేశారు అనేది పుస్తకాల్లో ఉంది, పాకల్లో బతికిన ఆ నేతపనోళ్ల మాటలు మాత్రం ఎక్కడా కనపడవు. వాళ్ల మనవళ్లే ఇప్పుడు డెబ్భై ఎనభై ఏళ్ల వాళ్లు. మీ జిల్లా పేజీలో వారానికి ఒక చిన్న బాక్స్ ఇచ్చి, "మీ ఇంట్లో రామ్‌నగర్ గురించి ఏం చెప్పుకునేవాళ్లు" అని అడగండి సార్, ఫోన్ నంబర్ వేస్తే చాలు. రాయడం రాని పెద్దవాళ్లుంటే నేనే వాళ్లింటికెళ్లి రాసుకొచ్చి పంపిస్తా.

- ఒక పాఠకుడు, పేరాల