ఎంపీల వ్యాపార ప్రయోజనాలు ఓటరుకు తెలియాలి

సంపాదకులకు నమస్కారం.

అప్పటి మా గుంటూరు ఎంపీ, పారిశ్రామికవేత్త గల్లా జయదేవ్ 2024 జనవరిలో గుంటూరులో సభ పెట్టి, క్రియాశీల రాజకీయాల నుంచి తప్పుకొంటున్నానని ప్రకటించారు. రాజకీయానికీ వ్యాపారానికీ ఏకకాలంలో న్యాయం చేయలేకపోతున్నానన్నారు. ఆయనకు రెండుసార్లు ఓటేసిన నాకు ఆ రోజు బాధ కలిగింది. ఆ నిర్ణయాన్ని చాలామంది ఆయన సొంత వ్యవహారంగా చూశారు. మన చట్టసభల నియమాల్లో ఉన్న లోటు కూడా అందులో కనిపిస్తోందని నా అభిప్రాయం.

జయదేవ్ రాజకీయాలకు కొత్తవారు కారు. తాత పాటూరి రాజగోపాల నాయుడు స్వాతంత్ర్య సమరయోధులు, లోక్‌సభ సభ్యులు. తల్లి అరుణకుమారి రాష్ట్ర మంత్రిగా చేశారు. తండ్రి రామచంద్ర నాయుడు అమెరికాలో ఇంజినీరు ఉద్యోగం వదులుకొని వచ్చి, 1985లో తిరుపతి దగ్గర కరకంబాడిలో అమరరాజా సంస్థను నెలకొల్పారు. జయదేవ్ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చదివి, అమెరికాలోనే ఒక బ్యాటరీల కంపెనీలో పనిచేసి, తిరిగొచ్చాక అమరరాజా వారి అమరాన్ బ్యాటరీలను దేశమంతటికీ పరిచయం చేశారు. 2014లో తెలుగుదేశం తరఫున గుంటూరు నుంచి గెలిచారు. 2019లో ఆ పార్టీకి రాష్ట్రంలో మూడే లోక్‌సభ స్థానాలు దక్కితే, అందులో గుంటూరు ఒకటి. ఆధిక్యం నాలుగు వేల పైచిలుకు ఓట్లే.

మా ఓటును ఆయన వృథా చేయలేదు. 2018 జూలై 20న కేంద్రంపై అవిశ్వాస తీర్మానం చర్చకు వచ్చినప్పుడు మొదట లేచి మాట్లాడింది ఆయనే. తీర్మానం 325–126 తేడాతో వీగిపోయినా, విభజన హామీల సంగతి ఆ రోజు దేశమంతా విన్నది. 2020 జనవరిలో అమరావతి రైతుల ఆందోళనలో అరెస్టయి జైలుకు కూడా వెళ్లారు.

2021లో కాలుష్య నియంత్రణ మండలి చిత్తూరు జిల్లాలోని అమరరాజా ప్లాంట్లను మూసివేయాలని ఆదేశించింది. హైకోర్టు ఆ ఆదేశాలను తాత్కాలికంగా నిలిపివేసింది. ప్రతిపక్ష ఎంపీ మీద కక్షసాధింపని కొందరన్నారు. సీసం కాలుష్యం మీద చర్య తీసుకోవద్దా అని ఇంకొందరన్నారు. ఈ వాదులాటలో సీసంతో పనిచేసే కార్మికుల ఆరోగ్యం వెనక్కి పోయింది. నాకు అన్నిటికన్నా కష్టం కలిగించింది అదే. మరుసటి ఏడాది అదే సంస్థ మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో రూ.9,500 కోట్ల లిథియం బ్యాటరీల ప్రాజెక్టుకు తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది.

కంపెనీ నడిపే వ్యక్తి ప్రజాప్రతినిధి అయితే అనుమానం రెండు వైపులా పుడుతుంది. ఆయన సభలో మాట్లాడేది మా కోసమా, కంపెనీ కోసమా? ఆయన కంపెనీపై ప్రభుత్వం చర్య తీసుకుంటే అది చట్టమా, పగా? తేల్చుకోవడానికి ఓటరు చేతిలో ఆధారం ఉండాలి. రాజ్యసభలో 293వ నిబంధన కింద సభ్యుల ప్రయోజనాల రిజిస్టరు ఉంది. జీతం వచ్చే డైరెక్టరు పదవులు, కంపెనీపై అదుపునిచ్చే వాటాలు, డబ్బు తీసుకొని ఇచ్చే సలహాలు అందులో నమోదు చేయాలి. లోక్‌సభకు అలాంటి రిజిస్టరు లేదు. ఎన్నికల అఫిడవిట్ ఉందిగా అంటారు. అది నామినేషన్ నాటి ఆస్తుల లెక్క. తర్వాతి ఐదేళ్లలో ఎవరు ఏ కంపెనీలో చేరారో అది చెప్పదు.

అయితే రిజిస్టరు ఒక్కటే చాలదు. కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ యజమాని విజయ్ మాల్యా రాజ్యసభ సభ్యుడిగా ఉంటూనే పౌర విమానయాన శాఖ సంప్రదింపుల సంఘంలో, అంటే ఆ శాఖ వ్యవహారాలు చర్చించే ఎంపీల కమిటీలో, కూర్చున్నారు. తన వ్యాపారానికి సంబంధించిన కమిటీలోకి సభ్యుణ్ని తీసుకోకూడదన్న నియమం కూడా ఉండాలి.

ఇప్పటి మా ఎంపీ పెమ్మసాని చంద్రశేఖర్ కూడా వ్యాపారం నుంచి వచ్చినవారే. 2024లో ఆయన ప్రకటించిన ఆస్తులు రూ.5,700 కోట్ల పైమాటే. కేంద్ర మంత్రి కాబట్టి వ్యాపార నిర్వహణకు దూరంగా ఉండాలన్న మంత్రుల ప్రవర్తన నియమావళి ఆయనకు వర్తిస్తుంది. మంత్రి కాని ఎంపీకి ఆ కట్టుబాటు లేదు.

లోక్‌సభలో ఈ రిజిస్టరు కోసం మా ఎంపీయే చొరవ తీసుకోవాలని కోరుతున్నాను. రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభలూ ఇలాంటి రిజిస్టరు తెచ్చి, ఎవరైనా చూసుకునేలా వెబ్‌సైటులో పెట్టాలి. ప్రజాప్రతినిధుల ఫ్యాక్టరీల్లో కాలుష్య మండలి చేసే తనిఖీల నివేదికలను, వారు ఏ పార్టీవారైనా సరే, ఎప్పటికప్పుడు బయటపెట్టాలి. ఈలోగా, తెలుగు రాష్ట్రాల ఎంపీల్లో ఎవరెవరు ఏయే కంపెనీల్లో డైరెక్టర్లుగా ఉన్నారో మీ పత్రిక సేకరించి ప్రచురించాలని మనవి.

– ఒక ఓటరు, గుంటూరు