చాట్‌బాట్ తెరుచుకోని వాళ్లకు

అందరికీ నమస్కారమండి. భీమవరం, ఆకివీడు రైతులు పొద్దున్నుంచి ఏఐ చాట్‌బాట్ పేజీ తిరుగుతూనే ఉందంటున్నారు. టెన్షన్ పడి బ్రౌజర్‌లో అన్నీ చెరిపేయకండి. ముందు ఇన్‌కాగ్నిటో విండోలో (పాత కుకీలు వాడని ప్రైవేటు విండో) తెరిచి చూడండి. అక్కడ వస్తే తేడా పాత కుకీలదో (సైటు మన బ్రౌజర్‌లో దాచుకునే చిన్న డేటా), ప్రకటనలు ఆపే యాడ్ బ్లాకర్‌దో అయ్యుంటుంది. అడ్రస్ పక్కనున్న గుర్తు నొక్కి ఆ ఒక్క సైటు డేటా తీసేసి, మళ్లీ లాగిన్ అవ్వండి. వీపీఎన్ ఉంటే ఆపండి.

మేత కొట్లలోని పాత కంప్యూటర్లతో ఇంకో తంటా. కరెంటు పోయి వచ్చేసరికి తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, దాంతో కనెక్షన్ సురక్షితం కాదంటూ బ్రౌజర్ ఆపేస్తుంది. తేదీ సరిచేస్తే చాలు. రోజూ అదే గోలైతే మదర్‌బోర్డు మీదున్న 2032 సెల్ (తేదీని గుర్తుంచే చిన్న గుండ్రటి బ్యాటరీ) మార్పించండి. ఫోన్లో కూడా రాకపోతే చాట్‌బాట్ వాళ్ల సర్వరే పడిపోయి ఉండొచ్చు, కాసేపు ఆగండి.

లాగిన్ ఓటీపీలు మాత్రం గ్రూపులో పెట్టకండి బాబూ, నిన్న ఒకరిది నేనే తీసేశాను.