హాప్స్ వేసే ముందు పగటి పొద్దు లెక్క చూడండి

సంపాదకులకు నమస్కారం.

బీరులో చేదుకు వాడే హాప్స్ తీగను మన దొండ, కాకర పందిళ్ల మీదే పండించవచ్చని విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల రైతుల్లో ఈమధ్య మాట నడుస్తోంది. వేరు ముక్కలకు డబ్బు కట్టే ముందు ఆ పంట ఎక్కడ, ఎలా పండుతుందో తెలుసుకోవాలి.

రష్యాలో వోల్గా నది ఒడ్డున చువాషియా ఉంది. ఆ దేశపు హాప్స్‌లో ఎక్కువ భాగం అక్కడే పండుతుంది. చువాష్ ప్రజలు దాన్ని హమ్లా అంటారు, దానితో పండగలకు ఇంట్లోనే బీరు కాస్తారు. 1992లో ఖరారైన వారి రాష్ట్ర చిహ్నంలో కూడా హాప్స్ ఆకులు, కాయలు ఉన్నాయి. కాయ అంటున్నామే గానీ అది సరుగుడు కాయను పోలిన ఆడ పూగుత్తి. దాని రేకుల మొదట్లో ఉండే పసుపు పొడిలోనే చేదూ వాసనా ఉంటాయి.

ఇది తమలపాకులా కణుపు వేళ్లతోనో, దొండలా నులితీగలతోనో పాకదు. కాండమే కొక్కేల్లాంటి నూగుతో తాడును చుట్టుకుంటూ పోతుంది, అదీ పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపుకే. ఎదురు దిక్కున చుట్టి కడితే విడిపోతుంది. పందిరి ఎత్తు ఆరు, ఏడు మీటర్లు ఉండాలి. మన ఆరడుగుల పందిరి దీనికి చాలదు. వసంతంలో ఒక్కో దుబ్బు నుంచి బోలెడు పిలకలు లేస్తాయి. తాడుకు రెండో మూడో ఉంచి మిగతావి కోసేయాలి. జాలిపడి అన్నీ ఉంచితే లోపల గాలి ఆడక బూజు తెగులు, పేనుబంక పట్టేస్తాయి. తీగ పైకెక్కాక కింది మీటరు మేర ఆకులు దూసేయడం కూడా ఇందుకే. మగ మొక్క కనిపిస్తే పీకేయాలి. దాని పుప్పొడి గాలికి వచ్చి పడితే కాయల్లో గింజ కడుతుంది, ధర పడిపోతుంది.

ఇవన్నీ నేర్చుకోవచ్చు. అసలు అడ్డంకి సూర్యుడు. చువాషియా రాజధాని చెబోక్సారీ 56 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. జూన్‌లో అక్కడ పగలు 17 గంటలు దాటుతుంది. విజయవాడ 16.5 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి మన అతి పొడవైన పగలు 13 గంటల పైచిలుకే. హాప్స్ పొడుగు పగళ్లలో పెరిగి, పొద్దు తగ్గుతుంటే పూస్తుంది. మన పగటిని చూసి అది ముందే పొద్దు తగ్గిందనుకుంటుంది. పందిరి ఎక్కకుండానే నాలుగు పూలు పూసి ఆగిపోతుంది. ఎరువు పెంచినా, నీళ్లు పెంచినా ఇది మారదు. రాత్రిపూట దీపాలు పెట్టి పగటిని పొడిగించే పద్ధతి ఉంది గానీ, ఎకరాలకొద్దీ తోటకు ఆ కరెంటు బిల్లు ఎవరు కడతారు? పైగా మన మే నెల ఎండలు ఉండనే ఉన్నాయి. మన దేశంలో హాప్స్ పండిస్తున్న లాహౌల్ లోయ హిమాచల్ ప్రదేశ్‌లో, మంచు కురిసే ఎత్తులో ఉంది.

మిర్చి రైతులకు ఆసక్తి కలిగించే సంగతి ఆరబెట్టడం. కోసినప్పుడు కాయలో తేమ 80 శాతం దాకా ఉంటుంది, దాన్ని 10 శాతానికి దించాలి. అంటే 100 కిలోల పచ్చి కాయకు చేతికొచ్చేది 22 కిలోలే. కల్లంలో ఎండబెడితే వెలుతురుకు చేదూ వాసనా పాడవుతాయి కాబట్టి నీడలో, 60 డిగ్రీలకు అటూ ఇటూ వేడిగాలిలో ఆరబెడతారు. రేకులు ముందే గలగలలాడతాయి, నడిమి ఈనె మాత్రం లోపల పచ్చిగా ఉంటుంది. అప్పుడే బస్తాకెత్తితే రెండు రోజుల్లో వేడెక్కి ముక్కిపోతుంది. ఈనెను వంచి చూడాలి. వంగితే ఇంకా ఆరాలి, పుటుక్కున విరిగితే కట్టేయవచ్చు.

వేరు ముక్కలు అమ్మజూపే వారిని ఈ జిల్లాల్లో వరుసగా మూడేళ్లు కాపు ఇచ్చిన తోట చూపించమనండి. మూడో ఏడు గానీ హాప్స్ పూర్తి కాపుకు రాదు.

— ఉద్యాన పంటల సలహాదారులు, గుంటూరు